పడకల లెక్కకు ముందు వరసల లెక్క

ప్రభుత్వాసుపత్రి గురించి ఏ ప్రకటన వచ్చినా అందులో మొదట వినిపించేది పడకల సంఖ్యే. 2025 జనవరిలో హైదరాబాద్ గోషామహల్‌లో ఉస్మానియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడూ అందరి నోటా నానింది రెండు వేల పడకలన్న మాటే. వెయ్యి జనాభాకు రెండు పడకలుండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా లక్ష్యం పెట్టుకుంది. పడకలు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ రోగి ఆ పడక దాకా ఏ దారిన చేరాలి, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలి, ఏ కిటికీ దగ్గర విసిగి వెనుదిరుగుతారు అన్న లెక్క మాత్రం ఈ ప్రకటనల్లో కనిపించదు. ఇటుక పేర్చకముందే ఆ దారినంతా కంప్యూటర్‌లో నడిపి చూసే పద్ధతి ఒకటుంది. దాన్నే సిమ్యులేషన్ అంటారు. ప్రజల సొమ్ముతో కట్టే ప్రతి పెద్దాసుపత్రికీ ఆ పరీక్ష తప్పనిసరి కావాలి.

పెద్దాసుపత్రికి వచ్చిన మనిషి నిలబడేది ఒక్క వరసలో కాదు. ఓపీ చీటీకి ఒకటి, డాక్టర్ గది ముందు ఇంకొకటి, రక్తపరీక్ష రాస్తే నమూనా ఇచ్చే కిటికీ దగ్గర మూడోది, రిపోర్టుకు నాలుగోది, మందులకు ఐదోది. తొమ్మిదింటికి చీటీల దగ్గర మొదలైన తోపులాట పదకొండింటికి ల్యాబ్‌కు, మధ్యాహ్నానికి మందుల కౌంటర్‌కు జరుగుతుంది. రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ కట్టేశారంటే ఆ మనిషి మర్నాడు మళ్లీ బస్సెక్కాలి. కూలికెళ్లేవారైతే ఇంకో రోజు కూలి పోయినట్టే. మర్నాటి వరసలోనూ వాళ్లే కలుస్తారు కాబట్టి నిన్నటి ఆలస్యం ఇవాళ్టి రద్దీ అవుతుంది. ఇలాంటి చోట ఓపీలో అదనంగా ఇద్దరు డాక్టర్లను వేస్తే జనం ల్యాబ్ కిటికీ దగ్గరికి ఇంకాస్త ముందు చేరతారు, అంతే. అదే కిటికీని రెండు గంటలు ఎక్కువ తెరిచి ఉంచితే మర్నాటి ప్రయాణాలు ఎన్ని తప్పుతాయి? పడకలదీ ఇదే కథ. పొద్దున రౌండ్లలో డిశ్చార్జి రాసిన పడక కాగితాలు పూర్తయ్యేసరికి సాయంత్రమైతే, క్యాజువాల్టీలో మరో రోగి అప్పటిదాకా స్ట్రెచర్ మీదే ఉండాలి. వీటిలో ముందు ఏది సరిచేయాలన్నది సమీక్షా సమావేశంలో గట్టిగా మాట్లాడినవారి మాటను బట్టి తేలకూడదు.

వరసల తీరు మన మామూలు అంచనాకు అందదు. ఒక డాక్టర్ సగటున ఆరు నిమిషాలకొకరిని చూస్తారనుకుందాం. అంటే గంటకు పదిమంది. గంటకు ఎనిమిది మంది చొప్పున ఎవరి వీలును బట్టి వాళ్లు వస్తూ, అది ఎక్కువసేపు అలాగే సాగితే, వరసల గణితంలోని అతి సాదా సూత్రం ప్రకారం సగటున 24 నిమిషాలు ఆగాలి. తొమ్మిది మందైతే 54 నిమిషాలు. రెండు గంటలకు 19 మంది చొప్పున వస్తే 114 నిమిషాలు! విచిత్రమేమిటంటే, అప్పటికీ డాక్టర్‌కు గంటలో సగటున మూడు నిమిషాలు ఖాళీయే. ఫైలులో సామర్థ్యం సరిపోయిందనే ఉంటుంది, వరండాలో జనం దాదాపు రెండు గంటలు కాచుకుని ఉంటారు. తప్పు డాక్టర్‌ది కాదు, రోగులదీ కాదు. ఎవరూ లేని పది నిమిషాలను దాచిపెట్టి రద్దీ వేళ వాడుకోలేం, అంతే సంగతి. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కాల్స్ కోసం గణితవేత్త ఎర్లాంగ్ మొదలుపెట్టిన గణితమిది. వరస ఒక్కటైతే సూత్రం చాలు. ఒకదాని వెనుక ఒకటి ఐదు వరసలుంటే వేలాది ఊహా రోగులను కంప్యూటర్‌లో ఆ దారిన నడిపించి చూడాల్సిందే.

ఇది నిన్నమొన్నటి మోజు కాదు. 1952లో బ్రిటన్‌లో గణాంకవేత్త నార్మన్ బెయిలీ యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో, చేతి లెక్కలతోనే, ఓపీ వరసలను ఇలా నడిపి చూశారు. మొదట ఇద్దరిని, తర్వాత సగటు పరీక్ష సమయానికొకరిని చొప్పున పిలిస్తే డాక్టర్ పెద్దగా ఖాళీగా ఉండరు, వరండా కిక్కిరిసిపోదు అని తేల్చారు. డాక్టర్ సమయం ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని రోగులందరినీ పొద్దున్నే రప్పించే అలవాటుకు అప్పుడే జవాబు దొరికింది. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో సిమ్యులేషన్ అత్యవసర పడకల సంగతి చూసింది. సగటున 85 శాతం పడకలు నిండితే ముప్పు మొదలవుతుందని, 90 దాటితే పడక దొరకని రోజులు తరచూ వస్తాయని చెప్పింది. ఆ 85ను వేదవాక్కులా పట్టుకోవడం మాత్రం పొరపాటు. పది పడకల ఐసీయూకు ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి, వెయ్యి పడకల ఆసుపత్రి ఇంకాస్త నిండినా తట్టుకుంటుంది. ఏ ఆసుపత్రి లెక్క ఆ ఆసుపత్రికి విడిగా కట్టాలి.

కోవిడ్ కాలపు అంచనాలు తప్పాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. ఉద్ధృతి దాటిపోయిందని 2020 అక్టోబరులో నిపుణుల కమిటీ అంటే, 2021 ఏప్రిల్‌లో ఏం జరిగిందో అందరం చూశాం. కానీ వైరస్ రేపు ఎటు పోతుందో చెప్పడం వేరు, రోజూ కళ్లముందు కదిలే వరసలో ఒక కిటికీ పెంచితే ఏమవుతుందని చూడటం వేరు. రెండోది జోస్యం కాదు, రెండు ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం. వివరాలెక్కడివి అన్న ప్రశ్నకూ జవాబుంది. క్యూఆర్ కోడ్‌తో ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతి 2022 నుంచి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద విస్తరిస్తోంది. ఎవరు ఎన్నింటికి వచ్చారో అక్కడే తెలుస్తుంది. మిగతా గుమ్మాల దగ్గర గడియారం, రిజిస్టరుతో రెండు వారాలు మనుషులను కూర్చోబెడితే సరిపోతుంది.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరొకటి. డాక్టర్లు, నర్సులే చాలని చోట ఈ లెక్కలు ఖర్చు తప్పించుకోవడానికి సాకు కావా? అవ్వొచ్చు. ఉన్నవాళ్లతోనే సర్దుకోండని చెప్పడానికి వాడితే ఇది అన్యాయమే అవుతుంది. అయితే ఖాళీ పోస్టు ధరను రోగి గంటల్లోకి మార్చి చూపించేదీ ఇదే. ముగ్గురు టెక్నీషియన్లు లేకపోతే రోజుకు ఎందరు రిపోర్టు లేకుండా ఇంటికి తిరిగి వెళ్తున్నారో అంకెల్లో కనబడితే, ఆర్థిక శాఖ ఆ ఫైలును పక్కన పెట్టడం అంత తేలిక కాదు. అందుకే ఫలితాలు అధికారుల బీరువాలో ఉండకూడదు. లెక్క కట్టేటప్పుడు మరో జాగ్రత్తా అవసరం: వరస తగ్గిందని తెలిస్తే ఇన్నాళ్లూ భయపడి రానివాళ్లూ వస్తారు కాబట్టి వాళ్లనూ ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆమోదానికొచ్చే ప్రతి ఆసుపత్రి సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)లో ఇందుకు ఒక పేజీ ఉండాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చిన రోగి మందులతో ఎన్నింటికి బయటపడతారు? సగటున ఎంతన్నది ఒక్కటే కాదు, పదిమందిలో తొమ్మిది మందికి ఎంతలోపు పని పూర్తవుతుందో కూడా రాయాలి. భవనం తెరిచిన ఆరు నెలలకు అదే లెక్క గుమ్మాల దగ్గర మళ్లీ తీసి, రెండు అంకెలనూ ఓపీ హాలు గోడ మీద పక్కపక్కన రాయించాలి.