రాజశేఖరుని ఊరు, మన ఊరు

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తమ 'వివేకవర్ధని' పత్రికలో ప్రకటించారు. గోల్డ్‌స్మిత్ నవల నుండి వారు ప్రేరణ పొందిన మాట వాస్తవమే. అంతమాత్రాన దానిని అనుకరణ అని త్రోసివేయుట న్యాయం కాదని నా అభిప్రాయం. కథాబీజం పరదేశానిదైనా ఊరు ధవళేశ్వరం. బంగారం చేసి ఇస్తానని గృహస్థును నిలువునా ముంచిన బైరాగి మనవాడు. ఇంటింటా పాతుకొన్న మూఢవిశ్వాసాలు మనవి. తన ఊరిని ఉన్నది ఉన్నట్లు చూడగలగడమే వాస్తవికత.

అమెరికాలోనూ ఆ కాలంలోనే ఈ దృష్టి బలపడింది. తండ్రి అచ్చుకూటంలో అక్షరాలు కూర్చుతూ పెరిగిన విలియం డీన్ హోవెల్స్ 1885లో ఒక రంగుల వ్యాపారిని నవలానాయకుణ్ణి చేశాడు.

మరి మన సంగతి? ఉదయగిరిలో నర్ది చెక్కను చెంచాలుగా, గరిటెలుగా మలచే చేతులున్నాయి. ఆత్మకూరులో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు. ఈ బ్రతుకును వ్రాయవలసినవారెవరు? మన జిల్లావాడైన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'తో త్రోవ చూపారు.

అయినా మన విద్యార్థులు జంకుతున్నారు. వ్యాసంలో 'అమ్మీ' అని వ్రాసి, అది తెలుగు కాదేమోనని కొట్టివేసి, 'మాతృమూర్తి' అని దిద్దిన విద్యార్థిని నేనెరుగుదును. దిద్దిన మాటకు మార్కులు వేసినవాణ్ణీ నేనే. ఆ తప్పు నాది. కొట్టివేసిన ఆ మాట వెనుక ఒక ఇల్లు, ఒక వంటగది, ఒక తల్లి ఉన్నారు. దిద్దిన మాట వెనుక నిఘంటువు మాత్రమే ఉన్నది.

విద్యార్థులారా! తెలుగు మీది కూడా. ఇకమీదట ఆ మాటను కొట్టివేయకండి.