అడగకుండా తీసుకున్న గొంతు

"కథ సంగతి వదిలెయ్యండి, ఫ్రేము చూడండి." ఫ్రెంచి థ్రిల్లర్ల గురించి మాటలు వచ్చినప్పుడల్లా ఈ వాక్యం నేను ఇరవై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. అనేది ఎక్కువగా మగవాళ్లే. దానికి మనవైపు నుంచి వచ్చే జవాబు కూడా నాకు కంఠతా వచ్చు. "ఏముంది వాటిల్లో? కాసింత నీలం వెలుగు, తడిసిన రోడ్డు, ఓ ఆడదాని శవం." మొదటివాళ్లు శైలిని కథ నుంచి విడదీసి నెత్తిన పెట్టుకుంటారు. రెండోవాళ్లు అలాగే విడదీసి చెత్తబుట్టలో వేస్తారు. ఇద్దరూ చేసే తప్పు ఒకటేనని నేనంటాను. ఆ సినిమాల్లో రాజకీయమంతా శైలిలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టేస్తే మనం విమర్శించడానికి ఏమీ మిగలదు.

ముందుగా ఒక ఒప్పుకోలు. ఆ సినిమాలు నాకు ఇష్టం. స్త్రీవాదిని కాబట్టి ఇష్టపడకూడదని కొన్నాళ్లు ప్రయత్నించాను. కుదరలేదు. చీకట్లో కూర్చుని, కథలో ఏం జరుగుతోందో పట్టించుకోకుండా, ఒక రంగు పక్కన ఇంకో రంగు వచ్చి వాలడం చూస్తూ ఉండిపోయిన సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి. ఇక్కడ నేను తగాదా పడేది ఆ ఆనందంతో కాదు. ఆ ఆనందం నాచేత ఏం ఒప్పించిందన్నదే నా బాధ.

ఈ ఇష్టం ఎక్కడ మొదలైందంటే 1958లో విడుదలైన లూయీ మాల్ సినిమా దగ్గర. పేరు తెలుగు చేస్తే 'ఉరికంబానికి లిఫ్టు'. ఫ్లోరెన్స్, ఆమె ప్రియుడు కలిసి ఆమె భర్తని చంపాలని పథకం వేస్తారు. చంపి బయటపడ్డ ప్రియుడు మర్చిపోయిన తాడు కోసం మళ్లీ లోపలికి వెళ్లి లిఫ్టులో ఇరుక్కుపోతాడు. అతనెందుకు రాలేదో తెలియక ఫ్లోరెన్స్ రాత్రంతా పారిస్ వీధుల్లో అతని కోసం తిరుగుతుంది. కథ ఇంతే. కానీ ఆ నడక చూడండి. కెమెరామన్ ఆఁరి దకాయె పెద్ద పెద్ద లైట్లు తీసేసి, షాంజెలిజే దుకాణాల అద్దాల్లోంచి పడే వెలుగులోనే జాన్ మోరోని చిత్రీకరించాడు. కెమెరాని పసిపిల్లల తోపుడుబండిలో పెట్టి నడిపించారు. అంతకుముందు సినిమాల్లో ఆమె మొహానికి పట్టించిన మేకప్ ఇక్కడ లేదు. కళ్ల కింద నలుపు, అలసట, పెదాలు కదపకుండా తనలో తను మాట్లాడుకోవడం, వెనక మైల్స్ డేవిస్ ట్రంపెట్.

అర్ధరాత్రి, ఒంటరిగా, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా ఒక ఆడమనిషి అలా నడుస్తూ పోవడం నేను అంతకుముందు తెరమీద చూడలేదు. నా బతుకులో అసలే చూడలేదు. పైగా ఆ నడక ఖరీదు ఎంతో ఆ సినిమాకి తెలుసు. తెల్లవారేలోగా పోలీసులు ఆమెని పట్టుకుపోతారు. గుర్తింపు కాగితాలు లేవు, వేళకాని వేళ రోడ్డుమీద ఉంది, అంతే ఆమె చేసిన నేరం. ఫలానా పెద్ద వ్యాపారి భార్య అని తేలాక వాళ్ల గొంతు మారిపోతుంది. శైలి అంటే ఇదీ. ఒక వెలుగు మార్చితే ఒక స్త్రీకి రాత్రి దక్కింది. ఆ రాత్రి ఎవరి చేతిలో ఉందో కూడా తెలిసింది. 'శైలే గాని సారం లేదు' అనేవాళ్లు ఈ దృశ్యాన్ని ఏ డబ్బాలో పడేస్తారు?

ఇక ఇరవై మూడేళ్లు ముందుకి రండి. 1981లో జాఁ జాక్ బెనెక్స్ మొదటి సినిమా 'దీవా' వచ్చింది. ఆ తర్వాత బెసాఁ, కరాక్స్ సినిమాలతో కలిపి ఈ ధోరణికి 'సినిమా ద్యు లుక్' అని పేరు పెట్టారు. పేరులోనే ఎత్తిపొడుపు ఉంది, పైపై మెరుగుల సినిమా అని. 'దీవా'కి నాలుగు సీజర్ అవార్డులు వచ్చాయి. తొలి చిత్రానికి ఒకటి, ఫిలిప్ రూస్లో ఛాయాగ్రహణానికి ఒకటి, వ్లాదిమీర్ కోస్మా సంగీతానికి ఒకటి, శబ్దగ్రహణానికి ఒకటి. ఈ నాలుగోది గుర్తుపెట్టుకోండి.

సింథియా హాకిన్స్ నల్లజాతి అమెరికన్ ఒపెరా గాయని. తన పాట రికార్డు చెయ్యడానికి ఆమె ఒప్పుకోదు. పాట అంటే పాడేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య ఆ కాసేపు ఉండేది అని ఆమె నమ్మకం. వ్యాపారం కళకి తగ్గట్టు సర్దుకోవాలి, కళ వ్యాపారానికి తగ్గట్టు కాదని పత్రికలవాళ్ల ముందు తేల్చి చెబుతుంది. జూల్ అనే కుర్రాడు పారిస్‌లో పోస్ట్‌మన్. మోపెడ్ మీద తిరుగుతాడు. ఆమెంటే ప్రాణం. కచేరీకి దొంగతనంగా టేపు రికార్డరు తీసుకెళ్లి ఆమె పాట రికార్డు చేస్తాడు. ఆమె కాతలాని ఒపెరాలో పాట అందుకుంటుంది, కెమెరా ఆమె చుట్టూ మెల్లగా తిరుగుతుంది, జూల్ కంట్లో నీళ్లు తిరుగుతాయి. మన కంట్లోనూ తిరుగుతాయి. కచేరీ అయ్యాక ఆమె గౌను కూడా ఎత్తుకొచ్చేస్తాడు. తర్వాత ఒళ్లమ్ముకునే ఒక నల్లజాతి స్త్రీకి డబ్బిచ్చి ఆ గౌను తొడిగిస్తాడు. ఇంత జరిగినా అతను సినిమాకి దొంగ కాడు. ప్రేమికుడు.

అదే కచేరీలో జూల్ వెనక వరసలో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఇద్దరు తైవాన్ మనుషులు కూర్చుని ఉంటారు. వాళ్లకీ ఆ టేపు కావాలి. ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే దొంగ రికార్డు విడుదల చేస్తామని ఆమెని బెదిరించడానికి. వాళ్లు మాత్రం సినిమాకి దొంగలే. ఒకే పాట, ఒకే టేపు. తెల్ల కుర్రాడి చేతిలో అది భక్తి, ఆసియా మనుషుల చేతిలో పైరసీ. ఈ తేడా చెప్పింది సంభాషణ కాదు. ఒకరి మొహం మీద పడ్డ మెత్తని వెలుగు, ఇంకొకరి కళ్లకి తగిలించిన నల్లద్దాలు చెప్పాయి. ఫ్రేమే చూడమన్నారు కదా, చూశాను.

ఈ సినిమాలో ఇంకో టేపు ఉంది. చాలామంది దాని గురించి మాట్లాడరు. నాదియా అనే స్త్రీ వేశ్యావృత్తి చేసి బతికింది. అమ్మాయిల వ్యాపారాన్నీ, మత్తుమందుల వ్యాపారాన్నీ నడిపేది సపోర్తా అనే పెద్ద పోలీసు అధికారేనని ఆమె తన గొంతుతో క్యాసెట్‌లో చెప్పి పెట్టింది. హంతకులు వెంటపడుతుంటే ఆ క్యాసెట్‌ని జూల్ మోపెడ్ సంచిలో జారవిడుస్తుంది. మరు క్షణం చచ్చిపోతుంది. తన గొంతు నలుగురూ వినాలని కోరుకున్న మనిషి ఆమె ఒక్కతే. సింథియా వద్దంది. నాదియా వినమంది. ఇద్దరి గొంతులూ ఒకే కుర్రాడి దగ్గరికి చేరాయి. సినిమా ఎవరి గొంతు విందో చూడండి. వద్దన్నామె గొంతుని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. వినమన్నామె గొంతు మాత్రం జనం వెంట పరుగులు పెట్టించే ఒక వస్తువుగా మిగిలిపోతుంది. ఆ వస్తువు కోసం పారిస్ మెట్రోలోకి మోపెడ్ దూసుకుపోతుంది, మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. నాదియా చెప్పిన అమ్మాయిలు ఏమయ్యారో ఆ సినిమాకీ అక్కర్లేదు, ఆ క్షణంలో మనకీ అక్కర్లేదు. శబ్దగ్రహణానికి బహుమతి వచ్చిందన్నాను కదా. ఎవరి శబ్దానికి?

1975లో లారా మల్వీ వ్యాసం వచ్చాక చూపు గురించి మాట్లాడటం మనకి అలవాటైంది. చెవి సంగతి ఆలస్యంగా తెలిసింది. సినిమాలో స్త్రీ గొంతు ఏమవుతోందని కాజా సిల్వర్‌మన్ 1988లో ఒక పుస్తకమే రాసింది. అయినా తెరమీద ఆడవాళ్ల ఒళ్లు ఎలా చూపించారని అడిగినంత చప్పున, వాళ్ల మాట ఎలా తీసుకున్నారని మనం అడగం.

దీనికి మిత్రులు చెప్పే సమాధానం నాకు తెలుసు. చివర్లో జూల్ టేపు తిరిగి ఇచ్చేస్తాడుగా అంటారు. నిజమే. ఖాళీ థియేటర్లో సింథియా ఒంటరిగా నిలబడి ఉండగా ఆమె పాట ఆమెకే వినిపిస్తాడు. తన పాట తను ఎప్పుడూ వినలేదంటుంది ఆమె. అతను ఆమెని దగ్గరికి తీసుకుంటాడు. ఎంత అందమైన ముగింపు! అందమైనది కాబట్టే ప్రమాదం. ఆమె వద్దన్నది పొరపాటనీ, తనకేం కావాలో ఆమెకే తెలియదనీ, అడగకుండా తీసుకున్నవాడే ఆమెకి మేలు చేశాడనీ ఆ ముగింపు తీర్పు చెబుతోంది. ఇదే మాట తీర్పులాగా రాసి నా చేతికిస్తే చించి పారేస్తాను. నీలం వెలుగులో, కోస్మా పియానో విన్నాక ఇచ్చారు కాబట్టి చప్పట్లు కొట్టాను.

1990లో ల్యుక్ బెసాఁ 'నికిత' తీశాడు. మత్తుమందులకి అలవాటుపడి, దోపిడీలో పోలీసుని కాల్చి చంపిన పిల్లని ప్రభుత్వం చచ్చిపోయినట్టు లోకానికి చూపించి, రహస్యంగా హంతకిగా తయారు చేస్తుంది. తుపాకీ నేర్పడానికి మగవాళ్లున్నారు. ఆడదానిలా ఉండటం నేర్పడానికి ఒక పెద్దావిడ ఉంది. అద్దం ముందు కూర్చోబెట్టి లిప్‌స్టిక్ వేసుకోవడం నేర్పుతుంది. ఆ పెద్దావిడ పాత్ర వేసింది ఎవరో తెలుసా? జాన్ మోరో. మేకప్ లేని మొహంతో, దుకాణాల వెలుగులో, రాత్రంతా తనకోసం తను నడిచిన మనిషి. ముప్పై రెండేళ్ల తర్వాత అదే మనిషి చేత ఇంకో ఆడపిల్లకి రంగు పూయించారు, ప్రభుత్వం తరఫున. సినిమా చివరికి నికిత ఎటో వెళ్లిపోతుంది. ఆమె లేని ఇంట్లో ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఆమె గురించి మాట్లాడుకుంటారు. ఇక్కడా ఆఖరి మాట ఆమెది కాదు.

ఇంత కోపం ఎందుకని అడగొచ్చు. ఎక్కడో పారిస్‌లో, ఎప్పుడో తీసిన సినిమా. చెప్తాను.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న జీవితాలు. ఆ పుస్తకం చదివి టేపు రికార్డరు భుజాన వేసుకుని ఊళ్లకి బయల్దేరినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడింది. రెండో రోజు సాయంత్రం, దళంలో తనకి జరిగిన ఒక అవమానం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "బిడ్డా, ఆ మిషను బంద్ చెయ్యి" అంది. నేను రికార్డరు తీసి సంచిలో పెట్టాను. బటన్ నొక్కలేదు. ఆమె మాట్లాడుతూ పోయింది. సంచిలో టేపు తిరుగుతూ పోయింది.

ఆ రాత్రి ఆ టేపు విన్నాను. ఎంత గొంతు అది! చరిత్ర కోసం, ఉద్యమం కోసం, ఇంకా ఎందరో స్త్రీల కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. పేరు లేకుండా ఆమె మాటలు నాలుగు వాక్యాలు ఒక సెమినార్ పేపర్‌లో వాడుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలనుకునేసరికి ఆమె లేదు. తిరిగి ఇచ్చెయ్యడానికి నాకు ఖాళీ థియేటరు దొరకలేదు.

'దీవా' మొదటిసారి చూసినప్పుడు ఇవేవీ నాకు గుర్తు రాలేదు. అదే నన్ను భయపెడుతుంది. 2022 జనవరిలో బెనెక్స్ పోయినప్పుడు మళ్లీ చూశాను. సింథియాగా నటించి, స్వయంగా పాడిన విల్హెల్మీనియా ఫెర్నాండెజ్ 2024లో పోయినప్పుడు ఇంకోసారి చూశాను. ఈసారి జూల్ ఒడిలో తిరుగుతున్న టేపు మీంచి నా చూపు కదల్లేదు. మొదటిసారి అతన్ని ప్రేమికుడిగా చూడటంలో నాకు సుఖం ఉంది. అతను ప్రేమికుడైతే నేను దొంగని కాను.

అందుకే ఈ సినిమాలు చూడొద్దని నేను చెప్పను. చూడొద్దనడం తేలిక. చూడండి, బాగా చూడండి. "ఫ్రేము చూడండి" అనే పెద్దమనుషులకంటే ఇంకా ఎక్కువ చూడండి. వెలుగు ఎవరి మొహం మీద పడింది, ఎవరికి నల్లద్దాలు తగిలించారు, ఎవరి గొంతు పూర్తిగా వినిపించారు, ఎవరి మాటని సగంలో పొడిచి చంపారు అని అడగండి. అందాన్ని వాళ్లకి వదిలేసి నీతిని మనం పట్టుకుని కూర్చోవడం వల్ల ఇన్నాళ్లూ నష్టపోయింది మనమే. మోరో నడక మనది. దాన్ని నేను వదులుకోను.

ఇంకొకటి. జీవిత కథలు సేకరించేవాళ్లం, ఇంటర్వ్యూలు చేసేవాళ్లం, ఇంకొకరి బాధని మన వాక్యాల్లో పెట్టి పేరు తెచ్చుకునేవాళ్లం ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఉన్నాం. ఇప్పుడు మన చేతిలో ఉన్నది సంచిలో దాచాల్సిన పని కూడా లేని ఫోను. అవతలి మనిషి "బంద్ చెయ్యి" అన్నప్పుడు మనం ఏం చేస్తున్నామో, ఎంత మంచి కారణంతో చేస్తున్నామో రాయండి. నా సంగతి నేను రాశాను.