అతికించకండి, బిగించండి!

మా బడి సంగీత గదికి ఈ ఏడాది పాత విద్యార్థులు ఐదు గిటార్ పెడళ్లు కొనిచ్చారు. చాలా సంతోషం. కానీ వాటిని చెక్క మీద ఎట్లా నిలపాలి అనే దగ్గర తగువు మొదలైంది. "గట్టి జిగురు పూసి ఒక్కసారిగా అతికించేస్తే సరి, ఎవరూ ఎత్తుకుపోలేరు" అని కొందరు పెద్దలు అంటున్నారు. మా తరగతిలో సగం మంది అదే మాట. "నేల మీద పెట్టుకుని వాయిస్తే చాలదా, చెక్క కూడా దండగే" అని ఇంకొందరు. ఈ రెండు మాటలూ తప్పే అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. పెద్దల మాటకు ఎదురు చెప్తున్నానని కోపం వద్దు. నేను చెప్పేది పూర్తిగా విని, ఆ తరువాత తిట్టండి.

ముందు తెలియనివారి కోసం ఒక మాట. పెడల్ అంటే ఇక్కడ సైకిల్ పెడల్ కాదు. ఎలక్ట్రిక్ గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్యలో పెట్టే చిన్న లోహపు పెట్టె. గిటార్ నుంచి తీగలో వచ్చే సన్నని కరెంటును అది మార్చి పంపుతుంది. ఒక పెడల్ నాదాన్ని గరగరలాడిస్తుంది, దాన్ని డిస్టార్షన్ అంటారు. ఒకటి బావిలో అరిచినట్టు మాటను తిరిగి పలికిస్తుంది, అది డిలే. ఒకటి పసిపిల్లవాడు ఏడ్చినట్టు 'వా వా' అనిపిస్తుంది. రెండు చేతులూ గిటార్ మీదే ఉంటాయి గదా, అందుకని వీటిని కాలితో నొక్కాలి. జపాన్‌కు చెందిన బాస్ కంపెనీ 1977లో చేతిలో పట్టేంత చిన్న పెడళ్లను తెచ్చింది. ఈనాటికీ చాలామంది వాడేది ఆ తరహావే. మంచి పెడల్ ఒకటి కొనాలంటే వేల రూపాయలు అవుతుంది. మా వీధిలో చాలా ఇళ్లకు అది చిన్న మొత్తం కాదు.

ఇదంతా నాకెట్లా తెలుసు అంటారా? మా మామకు కోవిల్పట్టిలో ఆర్కెస్ట్రా ఉంది. ఎనిమిదో తరగతి నుంచీ సెలవుల్లో నేను ఆయనతో వెళ్తున్నాను. తీగలు చుట్టడం, పెట్టెలు మోయడం, పెడళ్లు బిగించడం నా పని. పంగుని నెల వచ్చిందంటే మాకు తీరిక ఉండదు. కోవిల్పట్టి శెణ్బగవల్లి అమ్మవారి తిరునాళ్లు, విరుదునగరు పరాశక్తి మారియమ్మవారి పొంగలి రెండూ ఆ నెలలోనే. సాత్తూరు మీదుగా ఆ దారిలో వ్యానులో ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు.

ఇప్పుడు నేల మీద పెట్టుకుంటే చాలు అనేవాళ్లకు జవాబు. వాయించేటప్పుడు పెడల్‌కు మూడు దెబ్బలు తగులుతాయి. పైనుంచి తొక్కు, పక్కనుంచి తన్ను, తీగ నుంచి లాగు. పైనుంచి తొక్కితే ఏమీ కాదు, నేల మోస్తుంది. పక్కనుంచి తగిలితే జరుగుతుంది. తీగ లాగితే ఒక వైపు లేస్తుంది. జరిగినా లేచినా ప్లగ్గు వదులవుతుంది. ఒకదాని వెనుక ఒకటిగా కలిపిన ఐదు పెడళ్లలో ఒక్క ప్లగ్గు ఊడినా గిటార్ మొత్తం మూగబోతుంది.

విరుదునగరులో ఒక పెళ్లి రిసెప్షన్‌లో అదే జరిగింది. స్టేజీ మీద నున్నటి షీటు పరిచారు. చెక్కలు పెట్టడానికి చోటు లేదు, ఫోటోల్లో బాగుండదు, తీసేయండి అన్నారు. మా గిటార్ అన్న పెడళ్లను షీటు మీదే పెట్టుకోవలసి వచ్చింది. మూడో పాటలో ఒక పెడల్ జారింది, కరెంటు ప్లగ్గు ఊడింది. సోలో మధ్యలో చప్పుడు ఆగిపోయింది. జనం నవ్వారు. ఆఖర్న లెక్క చూసేటప్పుడు రెండు వేలు తగ్గించారు. "చెక్క తీయమన్నది మేమే గదా" అని ఒక్కరూ అనలేదు. "ఆ గిటార్ అబ్బాయికి సరిగ్గా రాదు" అన్నారు. ఆ అన్న పదిహేనేళ్లుగా వాయిస్తున్నాడు. ఆయన వాయిద్యానికి వచ్చిన మాట కాదది, నాలుగు అంగుళాల పట్టీ లేనందుకు వచ్చిన మాట. బిగింపు అనేది సంగీతం కాదు, కూలిపని అనుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

సరే, కదలకూడదు గదా, అయితే జిగురే మేలు అని ఎగిరి గంతేయకండి. జిగురు అంతకన్నా పెద్ద కష్టం.

మొదటిది, చాలా పెడళ్లకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ మార్చాలంటే అడుగు రేకు విప్పాలి. రిపేరుకూ అంతే, ఆ నాలుగు మరలూ అడుగునే ఉంటాయి. అడుగును చెక్కకు అతికించేస్తే ఎట్లా విప్పుతారు? ఉలి పెట్టి పెకలించాలి. అట్లా పెకలించినప్పుడు పెట్టె వంగిన పెడల్‌ను నా కళ్లతో చూశాను. లోపల పోయింది చిన్న సోల్డరింగే. రేడియో మెకానిక్ దగ్గర పది నిమిషాల పని. జిగురు వల్ల పెడలే పోయింది.

రెండోది, ఐదింటిలో ఒకటి చెడితే ఐదింటినీ చెక్కతో సహా మోసుకుపోవాలి. విప్పే వీలుంటే చెడినదాన్ని తీసి, మిగతా నాలుగింటిని కలుపుకుని ఆ సాయంత్రమే వాయించవచ్చు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పెడళ్లను ఏ వరుసలో కలిపితే ఆ వరుసను బట్టి నాదం మారుతుంది. డిస్టార్షన్ ముందు, డిలే తరువాత పెడితే గరగరలాడిన నాదమే శుభ్రంగా తిరిగి వినిపిస్తుంది. తిప్పి పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి గరగరలో ముద్దయిపోతాయి. రెండూ వాయించి వింటేనే చెవికి అర్థమవుతుంది. ఇది బడి. ఇక్కడికి వచ్చేది నేర్చుకోవడానికి. అతికించిన చెక్క మీద మేము నేర్చుకునేది ఒకే ఒక్క వరుస, అదీ అతికించినవారికి నచ్చిన వరుస. మా గదిలో గిటార్లు రెండు, నేర్చుకునేవాళ్లం తొమ్మిది మంది. ఒకరికి ఒకటి కావాలి, ఇంకొకరికి ఇంకొకటి కావాలి. మార్చుకోలేని పెడళ్లు ఐదు ఉన్నా ఒకటే, ఒకటి ఉన్నా ఒకటే.

మన కోవిల్పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనందరికీ గర్వమే. వేరుశనగ గింజలు బెల్లంపాకంలో బిగిసి కూర్చుంటాయి. అందులో ఒక్క గింజను తీయాలంటే మిఠాయి విరగాల్సిందే. తినే వస్తువు గనుక అది బాగుంది. పెడళ్లకు పాకం పట్టకండి!

"గట్టిగా ఉండాలంటే శాశ్వతంగా ఉండాలి" అనేది మన వాయిద్యాలను ఎప్పుడూ దగ్గరగా చూడనివారి మాట. వీణను చూడండి. దాని మీద ఇరవైనాలుగు మెట్లు ఉంటాయి. ఆ ఇత్తడి మెట్లను మేకులతో కొట్టరు, మైనంలో నిలుపుతారు. తేనెమైనంలో నల్లపొడి కలిపి, ఆ దిమ్మె మీద ఒక్కొక్క మెట్టునూ స్వరం చూసి కూర్చోబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. వైణికుడు తీగను ఎంత లాగి గమకం పలికించినా మెట్టు కదలదు. కానీ కాలం గడిచి స్వరం తప్పితే, మైనం కరిగించి మళ్లీ కట్టవచ్చు. బొబ్బిలిలో చేసిన వీణయినా తంజావూరులో చేసిన వీణయినా ఈ పద్ధతే. మెట్లను జిగురుతో అతికించేసి ఉంటే ఏ వీణా ఒక తరం దాటి శ్రుతిలో ఉండేది కాదు.

నాదస్వరాన్ని చూడండి. కారుకురిచ్చి అరుణాచలంగారు మన కోవిల్పట్టిలో నివసించినవారే. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై' సినిమాలో ఎస్. జానకిగారి గొంతుతో పోటీపడి పలికిన నాదస్వరం ఆయనదే. తెలుగువాళ్లు దాన్ని 'మురిపించే మువ్వలు'గా విన్నారు. నాదస్వరం వాయించేవారి దగ్గర వేలాడే దారాలను ఎప్పుడైనా గమనించారా? అవి అలంకారం కాదు. మారు పీకలను దారంతో వాయిద్యానికే కట్టి ఉంచుతారు. కచేరీ మధ్యలో పీక పాడైతే అది తీసి ఇది పెట్టుకుంటారు. పీక గట్టిగానే ఉంటుంది, కావాలంటే వస్తుంది. మన పెద్దలకు తెలిసిన విద్యే ఇది. పట్టుకోవాలి, వదలమన్నప్పుడు వదలాలి.

ఇక దొంగతనం మాట. దొంగను ఆపేది తాళం, జిగురు కాదు. జిగురుతో అతికిస్తే దొంగ చెక్కతో సహా ఎత్తుకుపోతాడు, అతనికి మోత సులభం అవుతుంది అంతే! మూత ఉన్న చెక్కపెట్టె, దానికొక తాళం, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసే ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. అసలు మాట ఏమిటంటే, ఆ జిగురు దొంగ కోసం కాదు, మా కోసం. పిల్లలు ముట్టుకుంటే పాడుచేస్తారని భయం. ముట్టుకోకుండా సంగీతం ఎట్లా వస్తుందండీ?

"అసలు ఈ పెడళ్లు మన సంగీతమా?" అని ఒక అయ్యవారు అడిగారు. గౌరవంగానే జవాబు చెప్తాను. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్‌గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కృతులు వాయిస్తే లోకమంతా విన్నది. కరెంటు ఉన్నందుకు కర్ణాటక సంగీతం చెడలేదు. మనకు దగ్గరలోని ఎట్టయపురాన్నే తీసుకోండి. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో కన్నుమూసిన ఊరు అది. అదే ఊరి నుంచి సుబ్బరామ దీక్షితులవారు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో అచ్చువేయించారు. ఒక స్వరం ఎట్లా ఊగాలో, ఎట్లా జారాలో దానికి కూడా వేరువేరు గుర్తులు పెట్టి రాశారు. నాదంలోని ఇంత చిన్న మార్పును కూడా అంత శ్రద్ధగా చూసిన నేల ఇది. నాదాన్ని మార్చే పెట్టెను అడ్డదిడ్డంగా అతికించడం ఈ నేలకు తగిన పని కాదు.

మరి ఎట్లా బిగించాలి? విమర్శించడమే కాదు, దారి కూడా చెప్తాను.

ఎక్కువ పెడళ్లకు వెల్క్రో పట్టీ చాలు, మన చెప్పులకూ బ్యాగులకూ ఉండేదే. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు పట్టుకున్న ముళ్లకాయలను చూసి దాన్ని కనిపెట్టాడు, 1955లో పేటెంటు వచ్చింది. మన చేలగట్ల మీద ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకోవడం లేదా, అదే కిటుకు. ఒక వైపు కొక్కేలు, ఇంకొక వైపు ఉచ్చులు. పక్కకు తోస్తే కదలదు, మూల పట్టుకుని చీల్చినట్టు ఎత్తితే వస్తుంది. మనకు కావలసింది అదే గదా!

కానీ పట్టీ అంటించి వెంటనే తొక్కేసి, "వెల్క్రో నిలవదు" అంటారు. మన కరిసల్ నేల దుమ్మూ, చిత్తిరై ఎండలో మూసిన వ్యాను వేడీ తెలిసినవాళ్లు అట్లా చేయరు. పెడల్ అడుగున ఉన్న రబ్బరు బిళ్లలు తీసి కవరులో దాచాలి. అడుగును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, పట్టీని గట్టిగా నొక్కి ఒక రోజు వదిలేయాలి. సీరియల్ నంబరు మీద మాత్రం అంటించకూడదు. అందరి పెడళ్లకూ ఒకే వైపు పట్టీ వేయాలి. మెత్తనిది పెడల్‌కు అయితే అందరికీ మెత్తనిదే. అప్పుడే ఒకరిది ఇంకొకరి చెక్క మీద కూర్చుంటుంది.

'వా' పెడల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతారు కాబట్టి దానికి వెల్క్రో ఒక్కటే చాలదు. దానికి పాత సైకిల్ చెయిన్ లింకులు వాడాలి. సైకిల్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. లింకుకు రెండు రంధ్రాలు ఉంటాయి గదా, ఒక దానిలోంచి పెడల్ అడుగు మర, ఇంకొక దానిలోంచి చెక్కకు మర. పొడవైన మర వాడితే లోపలి సర్క్యూట్‌కు తగులుతుంది, జాగ్రత్త. ఆఖరుగా, తీగలను చెక్కకే కట్టాలి. అప్పుడు ఎవరి కాలు తగిలినా లాగు చెక్క మీద పడుతుంది, ప్లగ్గు మీద కాదు.

మన తెలుగులో అతికించడం వేరు, బిగించడం వేరు. అతికించిన దాన్ని విప్పాలంటే పగలగొట్టాలి. బిగించిన దాన్ని విప్పడానికి వేరే మాట అక్కర్లేదు, విప్పడమే. పేరు పెట్టి మరీ తేడా చెప్పిన భాషలో చదువుకుంటూ ఆ తేడాను మరిచిపోవడం బాగుండదు.

కాబట్టి పెద్దలకు నా మనవి ఒకటే. జిగురు డబ్బా మూత తీయకండి. ఒక ప్లైవుడ్ పలక, రెండు మీటర్ల వెల్క్రో, నాలుగు చెయిన్ లింకులు, ఒక స్క్రూడ్రైవరు, ఒక శనివారం ఇవ్వండి. మా తొమ్మిది మందిమీ కూర్చుని బిగిస్తాం. ఆ తరువాత మీరే వచ్చి తన్ని చూడండి. కదిలితే అప్పుడు అనండి.