పగలు నెర్రెలో... రాత్రి నారు మీద!

నిన్న సాయంత్రం నాటిన వంగ నారు. తెల్లారి నీళ్లు పోద్దామని చెంబుతో వెళ్తే మడిలో నాలుగు మొక్కలు నేలకు ఒరిగి ఉంటాయి. ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. కాడ మాత్రం మట్టికి సరిగ్గా ఆనుకున్నచోట కత్తిరించినట్టు తెగి ఉంటుంది. కోడి కెలికిందనో, ఉడుత కొరికిందనో, పక్కింటి పిల్లాడి పనేననో అనుమానాలు మొదలవుతాయి. మర్నాడు మరో నాలుగు పడిపోయేసరికి ఇంటాయన కొట్టంలో దాచిన పత్తి మందు డబ్బా బయటికి తీస్తాడు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు అసలు భయం పురుగుతో కాదు, ఆ డబ్బాతోనే. ఆదోని మార్కెట్ యార్డు పత్తికి పేరుపడ్డది. పత్తి వేసే ఇంట్లో అడుగున కాస్త మందు మిగిలిన డబ్బా ఏదో ఒకటి మూలన ఉంటుంది. చేలో కొట్టిందే పెరట్లో కొడితే పోలా అనిపించడం సహజం. కానీ వంగ మడి పక్కనే తోటకూర ఉంటుంది. రేపు మధ్యాహ్నం పప్పులోకి వెళ్లేది అదే. పత్తి రైతులకు బాగా తెలిసిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. ఆ సంగతి పెరటిదాకా చేరని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

పైగా ఆకు మీద కొట్టిన మందు ఈ దొంగకు సరిగా తగలదు. ఎందుకో తెలియాలంటే దాని దినచర్య తెలియాలి.

దీన్ని ఇంగ్లిషులో కట్‌వర్మ్ అంటారు. తెలుగులో కత్తిరించే పురుగు అనుకోవచ్చు. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి, తర్వాత మన మొక్కజొన్న మీద పడ్డ ‘కత్తెర పురుగు’ వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో మందుల కొట్లో ఒకటడిగితే ఇంకొకటి చేతికొచ్చే ప్రమాదం ఉంది. నారు తెగ్గొట్టే వాటిలో ముఖ్యమైనది అగ్రోటిస్ ఇప్సిలాన్ అనే రెక్కల పురుగు పిల్ల. బూడిద నలుపు రంగులో, నూనె పూసినట్టు నిగనిగలాడుతుంది. బాగా ఎదిగితే వేలి పొడవుకు కాస్త తక్కువగా, నాలుగైదు సెంటీమీటర్లుంటుంది. ముట్టుకుంటే చుట్టలా ముడుచుకుంటుంది.

తల్లి పురుగు రాత్రిపూట వచ్చి వందల కొద్దీ గుడ్లు పెడుతుంది. నేలబారుగా అల్లుకునే కలుపు మొక్కలంటే దానికి మక్కువ. చిన్నప్పుడు ఆ ఆకుల్నే గీరి తింటూ ఎవరి కంటా పడదు. సగం ఎదిగాకే కాడలు కొరికే గుణం వస్తుంది. మనం సరిగ్గా అప్పుడే కలుపు పీకేసి, దున్ని, అదే చోట లేత నారు నాటుతాం. ఆకలితో ఉన్నదానికి విస్తరి వేసినట్టే! ఒక మొక్కను కొరికి, కాస్త తిని, ఇంకోదాని దగ్గరికి పోతుంది. అందుకే ఒక్క పురుగే రాత్రికి మూడు నాలుగు మొక్కల్ని పడగొట్టగలదు. పెరట్లో ఇరవై మొక్కలుంటే వారంలో మడి ఖాళీ. మళ్లీ విత్తి, నారు పోసి, నాటేసరికి నెల దాటుతుంది. కార్తీకంలో నాటాల్సిన టమాట మాఘంలోకి జారితే కాపుకొచ్చే వేళకు ఎండలు ముదురుతాయి. ఈ వైపు ఎండల సంగతి చెప్పక్కర్లేదు.

ఇక పగలు అది ఎక్కడుంటుంది? మట్టిలో. నల్లరేగడి ఆరితే నెర్రెలు విచ్చుతుంది. పెళ్లలు లేస్తుంది. పురుగుకు అంతకన్నా చల్లని ఇల్లేముంటుంది! శనగ చేలల్లోనూ ఇది పెళ్లల కిందే నక్కుతుంది. అందుకే తెగిన మొక్క కనిపించగానే దాని చుట్టూ జానెడు మేర, రెండంగుళాల లోతున పుల్లతో కెలకాలి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. సబ్బు నీళ్ల డబ్బాలో వేస్తే సరి.

అయితే పడిపోయిన ప్రతి మొక్కా దీని పనే అనుకోకూడదు. కాడ మొదట్లో నీరుపట్టినట్టు మెత్తబడి, సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు తెగులు. నీళ్లు ఎక్కువై వచ్చే జబ్బు. దానికి పురుగును వెతికి లాభం లేదు. కాడ నిలబడే ఉండి ఆకులు జల్లెడైతే, కింద రెట్టలు కనిపిస్తే లద్దె పురుగు కావచ్చు. బుడ్డల చేను గట్టున ఆముదం వేసేది ఆ లద్దె పురుగును అటు లాగడానికే.

కత్తిరించే పురుగుకు పెరట్లో అన్నిటికన్నా నమ్మకమైన మందు ఒక పేపరు గ్లాసు. మజ్జిగ తాగి పారేసేదైనా చాలు. అడుగు కోసేసి, ఒక పక్క నిలువునా చీల్చి, మొక్క చుట్టూ తొడగాలి. అంగుళం మట్టిలోకి దిగాలి, రెండంగుళాలకు పైగా బయట ఉండాలి. గ్లాసు లేకపోతే ఈ ఆదివారం పేపరే నాలుగు మడతలు పెట్టి చుట్టండి (చదవడం అయ్యాకే సుమా!). తడికి నానిపోతే మారిస్తే సరిపోతుంది. తొడిగే ముందు లోపలి మట్టి కెలికి చూడటం మరవొద్దు. లేకపోతే దొంగను ఇంట్లో ఉంచి తలుపు గడియ వేసినట్టవుతుంది.

కొందరు కాడకు ఆనించి చీపురు పుల్ల గుచ్చుతారు. పురుగు కాడను చుట్టుకుని కొరుకుతుంది కాబట్టి పుల్ల అడ్డు పడుతుందని లెక్క. ఖర్చు లేని పని, చేసి చూడొచ్చు. బూడిద చల్లడం పాత అలవాటే గానీ తడిస్తే దాని పని అయిపోయినట్టే.

మొక్కలు ఎక్కువున్నవాళ్లు సాయంత్రం మడిలో అక్కడక్కడా పచ్చిగడ్డి కుప్పలు పెట్టాలి. పురుగులు వాటి కింద చేరతాయి. ఎండ ఎక్కకముందే ఎత్తి చూసి ఏరేయాలి. రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు టార్చిలైటుతో ఒక చుట్టు తిరిగినా పట్టుబడతాయి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే హోంవర్క్ కన్నా హుషారుగా చేస్తారు. తేళ్లు తిరిగే చోటు కాబట్టి కాళ్లకు చెప్పులుండాలి, పెద్దవాళ్లు పక్కనుండాలి.

తుంగభద్ర దిగువ కాలువ కింద మడులున్న రైతులకు ఇంకో సౌకర్యం ఉంది. నాటే ముందు నిండుగా నీళ్లు పెడితే నెర్రెల్లోని పురుగులు ఊపిరాడక పైకొస్తాయి. కొంగలు, గోరింకలు మిగతా పని చూసుకుంటాయి. బిందెలతో నీళ్లు మోసే ఇళ్లలో ఇది కుదిరే మాట కాదు. వాళ్లు నాటడానికి రెండు మూడు వారాల ముందే కలుపు తీసి, మట్టి తిరగేసి ఎండనివ్వాలి. తిండి దొరక్క పిల్ల పురుగులు చస్తాయి. ఆ రోజుల్లో కోళ్లను మడిలోకి వదిలినా మంచిదే. నాటాక మాత్రం వదలొద్దు.

తవుడు, బెల్లంలో పురుగుమందు కలిపి ఉండలు చల్లే పద్ధతి పెద్ద చేలల్లో ఉంది. కోళ్లు, కుక్కపిల్లలు, పాకే పిల్లలు తిరిగే పెరట్లో బెల్లం వాసన వచ్చే విషం పెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పొలంలో మొక్కలు ఎక్కువగా తెగుతుంటే పురుగును సీసాలో పట్టుకుని ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి, వాళ్లు చెప్పినట్టు చేయడం మేలు.

ఈ కాపలా ఎల్లకాలం అక్కర్లేదు. నాటిన మూడు నాలుగు వారాలకు కాడ గట్టిపడుతుంది. పురుగుకు పళ్లు దిగవు. అప్పుడు గ్లాసులు తీసేయొచ్చు. అందాకా నారుమడిలో ఓ పది మొక్కలు అదనంగా ఉంచుకుంటే, తెగినచోట అదే సాయంత్రం ఇంకోటి నాటుకోవచ్చు.