1/70 జోలికి పోవద్దు

ఎవరి భూమి వాళ్లు ఇష్టమొచ్చినవాళ్లకు అమ్ముకోవచ్చు కదా, గిరిజనుడికి మాత్రం ఆ స్వేచ్ఛ ఎందుకు ఉండకూడదని భద్రాచలం ఏజెన్సీలో కొందరు అడుగుతుంటారు. అడిగేది ఎక్కువగా కొనాలనుకునేవాళ్లే.

మిర్చి పెట్టుబడికి షావుకారు దగ్గర అప్పు చేసిన కోయ రైతును తలచుకోండి. అప్పిచ్చినవాడే పంట కొంటాడు, ధర కడతాడు, తూకం వేస్తాడు. ధర పడిపోయిన ఏడాది భూమి రాసిమ్మంటాడు. ఆ రైతు పెట్టే వేలిముద్రలో ఇష్టం ఎక్కడుంది?

ఈ బలాబలాలు తెలిసే 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో బిగించారు; 1/70 అంటున్నది ఆ సవరణనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడమూ చెల్లదు. ఆస్తిహక్కుకు ఇది భంగమని పి.రామిరెడ్డి కేసులో వాదించినా, 1988లో సుప్రీంకోర్టు చట్టాన్నే నిలబెట్టింది. అదే కోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూములను ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వరాదంది.

చట్టం వల్ల అవసరానికి డబ్బు పుట్టదనడమూ సరికాదు. కొనే గిరిజనుడు దొరకకపోతే ప్రభుత్వమే పరిహారమిచ్చి భూమిని తీసుకుని, మరో గిరిజనుడికి ఇవ్వడానికి ఇందులో వీలుంది. స్వాధీనం వదలకుండా సహకార సంఘానికో, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో తాకట్టు పెట్టుకోవచ్చు. ఈ దారులు ఊరికి తెలియనివ్వకపోవడం అధికారుల తప్పు. తెల్లకాగితం ఒప్పందాలు, పాలేరు పేరు మీద బినామీ సాగు, గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరిట కొనడం ఆ తప్పు చాటునే పెరిగాయి.

ఏజెన్సీలో తరాలుగా బతుకుతున్న గిరిజనేతర పేదలున్నారు. వారి ఇంటికి, ఉపాధికి ప్రభుత్వం వేరే దారి చూపాలి. వారిని ముందు నిలబెట్టి పెద్ద కామందులు చట్టాన్ని సడలించమనడం మాత్రం ఒప్పుకోరానిది. పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట పుట్టినందుకే 2025 ఫిబ్రవరిలో పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి జిల్లా ఏజెన్సీ బంద్ పాటించింది. చట్టాన్ని తొలగించబోమని అక్కడి ముఖ్యమంత్రి చెప్పవలసి వచ్చింది.

తెలంగాణ ప్రభుత్వమూ అదే మాట చెప్పాలి. భూబదలాయింపు (ఎల్‌టీఆర్) కేసులను గడువు పెట్టి తేల్చాలి, గిరిజనుడు గెలిచిన కేసుల్లో భూమిని అతడి చేతికి అప్పగించాలి. వానాకాలం సాగుకు ముందే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), బ్యాంకులు కలిసి ఊళ్లలోనే పంట రుణాలివ్వాలి.