ఆ నవ్వుకి నా జవాబు

మొన్న ఓ విందులో బడ్డీ గై పాట పెడితే ఒకాయన మొహం చిట్లించారు. "ఇదేం సంగీతమండీ, పది నిమిషాలనించీ ఒకటే మోత!" పక్కాయన ఇంకో అడుగు ముందుకేసి, "వాళ్ళకి తాగి ఏడవడం తప్ప చదువుకోవడం ఎక్కడొచ్చు?" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకే ఈ నాలుగు మాటలు.

ఆ ఆల్బం పేరు 'స్వీట్ టీ'. 2001లో వచ్చింది. షికాగోలో పేరు తెచ్చుకున్న బడ్డీ గై, అరవై దాటాక, మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి రికార్డు చేశారు. తొమ్మిది పాటల్లో నాలుగు ఆ ప్రాంతపు జూనియర్ కింబ్రోవి. మొదటిది ముసలితనం మీద. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. తర్వాత వచ్చేవాటిలో కొన్ని ఒకే స్వరాన్ని పట్టుకుని వదలవు. తంబురా శ్రుతి వింటూ పెరిగిన మనకా అది మోత?

ఇక చదువు సంగతి. ఆయన 1936లో లూసియానాలో, పంటలో వాటాకి ఇంకొకరి పొలం చేసే ఇంట్లో పుట్టారు. చిన్నతనంలోనే పత్తి ఏరారు. 1957లో షికాగో వెళ్ళకముందు లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఊడ్చి తుడిచే పని చేశారు. అప్పట్లో అక్కడి డిగ్రీ తరగతుల తలుపులు నల్లవాళ్ళకి దాదాపు మూసే ఉండేవి. ఈ ఆల్బం తయారైన ఆక్స్‌ఫర్డ్‌లోనే, 1962లో జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి యువకుడు యూనివర్సిటీలో చేరాలంటే సైన్యం దిగాల్సి వచ్చింది. అల్లర్లలో ఇద్దరు చనిపోయారు. మరి నాకో? ఎమ్మెస్‌కి ఐ-20 పోస్టులో ఇంటికొచ్చింది.

ఆ పోరాటం వల్లే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ ఊపులోనే 1965లో, పుట్టిన దేశాన్నిబట్టి వాటాలు కట్టే పాత వలస పద్ధతి పోయింది. మనం వచ్చింది ఆ తలుపులోంచే. వచ్చి, స్థిరపడి, మన తర్వాత వచ్చినవాళ్ళకి ఏం చెబుతున్నాం? "ఆ పేటలో ఇల్లు కొనకండి, వాళ్ళుంటారు" అని.

పాట నచ్చకపోతే కట్టెయ్యండి, పేచీ లేదు. కానీ చదువు రాదని నవ్వేముందు, ఇక్కడి తరగతి గదుల్ని ఊడ్చినవాళ్ళెవరో, ఆ గుమ్మాల దగ్గర ఎవర్ని ఆపేశారో కనుక్కోండి. ఈసారి విందులో మాత్రం నేను ఊరుకోను.