అప్పు మనకి, గొప్ప వాళ్లకి

2025 ఏప్రిల్‌లో ముద్ర పథకానికి పదేళ్లు నిండాయి. ఈ పదేళ్లలో 52 కోట్లకు పైగా రుణాలిచ్చామని, వాటి మొత్తం 32 లక్షల కోట్ల రూపాయలు దాటిందని, తీసుకున్నవాళ్లలో 68 శాతం స్త్రీలేనని కేంద్ర ప్రభుత్వం ప్రకటించుకుంది. ఆ తర్వాత నేను వెళ్లిన శిక్షణా తరగతుల్లో, సమీక్షా సమావేశాల్లో ఈ 68 శాతం అంకెను ఎవరో ఒకరు చదివి వినిపిస్తూనే ఉన్నారు. వినిపించినప్పుడల్లా చప్పట్లు మోగుతున్నాయి. నేను మాత్రం చప్పట్లు కొట్టలేకపోతున్నాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ప్రభుత్వం అప్పులివ్వకూడదని నేను అనడం లేదు. చిన్న వ్యాపారాలకి ప్రజల బ్యాంకుల నుంచి పెట్టుబడి అందాలి. అది దయ కాదు, హక్కు. నా అభియోగం వేరు. స్త్రీలకి వ్యాపారం కోసమని ఇస్తున్న అప్పు వ్యాపారానికి చాలదు. చాలని అప్పు ఇచ్చి, ఆ భారాన్ని ఆమె సంసారం మీద పడేసి, ఆ సంసారంలో ఆమె చేసే కూలి లేని చాకిరీని 'ఉపాధి కల్పన' అని రాసుకుంటున్నారు.

ఎన్నాళ్లు శిశువులం?

2015లో ముద్ర మొదలైనప్పుడు మూడు మెట్లు పెట్టారు. 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. 2024లో 20 లక్షల వరకు 'తరుణ్ ప్లస్' చేర్చారు. తరుణ్ అప్పు తీసుకుని తీర్చినవాళ్లకే అది. పదేళ్ల మొత్తం మీద చూస్తే రుణాల సంఖ్యలో అత్యధికం శిశు కిందివే. స్త్రీలు గుమిగూడి ఉన్నదీ ఆ అడుగు మెట్టు మీదే.

ప్రభుత్వం చెప్పిన సొమ్మును ప్రభుత్వం చెప్పిన రుణాల సంఖ్యతో భాగించి చూడండి. ఒక్కో రుణానికి సగటున 63 వేల రూపాయలు కూడా రావు. మగవాళ్లు తీసుకున్న పది లక్షల అప్పులు కూడా కలిపితేనే ఈ సగటు. 50 వేలతో ఏమొస్తుంది? ఒక మంచి పాడిగేదె రాదు. ఒక కుట్టుమిషను, నాలుగు తాన్ల గుడ్డ వస్తాయి. వీధి చివర కూరగాయల బండి వస్తుంది. అది ఆమెకి అక్కరకు రాదని అనను. ఆ బండి మీద ఇంకో మనిషికి కూలి ఇవ్వగలిగే వ్యాపారం నిలబడుతుందా అన్నదే నా ప్రశ్న. ముగ్గురు పిల్లల్ని పెంచి, ఇరవై ఏళ్లుగా సంఘం నడుపుతున్న మనిషిని బ్యాంకు ఇంకా 'శిశువు' అనే పిలుస్తోంది. సంఖ్యలో 68 శాతం అని చాటేవాళ్లు, సొమ్ములో స్త్రీల వాటా ఎంతో కూడా అంతే పెద్ద అక్షరాల్లో ఎందుకు వెయ్యరు?

జీతం లేని ఉద్యోగాలు

ఇక ఉపాధి లెక్క చూద్దాం. 2015 ఏప్రిల్ నుంచి 2017 డిసెంబరు వరకు ముద్ర వల్ల కోటీ 12 లక్షల మందికి అదనంగా ఉపాధి దొరికిందని, అందులో 69 లక్షల మంది స్త్రీలని లేబర్ బ్యూరో సర్వే లెక్క తేల్చింది. ఆ సర్వే వివరాలు 2019లో పత్రికల్లో వచ్చాయి. కోటీ 12 లక్షల్లో దాదాపు 51 లక్షల మంది సొంతంగా పని చేసుకునేవాళ్లు. కూలి తీసుకోని కుటుంబ సభ్యుల్ని కూడా ఇందులోనే కలిపారు. అప్పు తీసుకున్న ఐదుగురిలో ఒకరు మాత్రమే కొత్త వ్యాపారం పెట్టారు. మిగిలినవాళ్లు అప్పటికే ఉన్నదాన్ని నెట్టుకొచ్చారు.

కూలి తీసుకోని కుటుంబ సభ్యులంటే ఎవరు? తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బి, చట్నీ నూరి, మొగుడి టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడిగే భార్య. బడి నుంచి వచ్చి కొట్లో కూర్చునే కూతురు. 2023-24 జాతీయ శ్రామిక సర్వే ప్రకారం గ్రామాల్లో పని చేస్తున్న ప్రతి వందమంది స్త్రీలలో దాదాపు 42 మంది ఇంటి సేద్యంలోనో, ఇంటి వ్యాపారంలోనో కూలి లేకుండా చేసే సహాయకులే.

ఇంటి పని పనే కాదని చెప్పి ఇన్నాళ్లూ మనల్ని లెక్కలోంచి తీసేశారు. ఆ పనిని గుర్తించమని మనం ఎన్నో ఏళ్లు కొట్లాడాం. ఇప్పుడు గుర్తించారు. ఎలా గుర్తించారంటే, పైసా జీతం ఇవ్వకుండా మనకి ఉద్యోగం ఇచ్చినట్టు రాసుకున్నారు! ఇంతకన్నా చవకైన ఉపాధి పథకం ఏ ప్రభుత్వానికి దొరుకుతుంది?

బాగా కడతారన్న పొగడ్త

స్త్రీలు అప్పు బాగా కడతారని బ్యాంకులవాళ్లు మెచ్చుకుంటారు. మన సంస్థల్లోనూ చాలామంది ఈ మాటను పతకంలా ధరిస్తాం. ఎందుకు కడతారో ఎవరూ అడగరు. పదిమంది సంఘంలో ఒకరు కట్టకపోతే తొమ్మిదిమందికి కొత్త అప్పు ఆగుతుంది. సకాలంలో కడితేనే వడ్డీ రాయితీ. అందుకని కిస్తీ రోజు వచ్చేసరికి ఆమె కూలికి పోతుంది, పుస్తెలు కుదువ పెడుతుంది, ఇంకో చోట అప్పు తెచ్చి ఇక్కడ కడుతుంది. వసూలు శాతం వ్యాపారంలో మిగిలిన లాభాన్ని చూపించదు. పదిమందిలో తలవంపులు వస్తాయన్న భయాన్ని చూపిస్తుంది.

మా మండలంలో నేను చూసిన సంఘాల్లో స్త్రీ పేరున తీసిన అప్పు మొగుడి ఆటోకి పోయింది, బోరుకి పోయింది, ఆసుపత్రికి పోయింది, పిల్లల కాలేజీ ఫీజుకి పోయింది. "అప్పు దుర్వినియోగం చేస్తున్నారు" అని అధికారులు గదమాయిస్తారు. జబ్బు చేస్తే ఉచితంగా వైద్యం దొరకని చోట, చదువు కొనుక్కోవాల్సిన చోట, చేతికొచ్చిన ఏ సొమ్మయినా ముందు అటే పోతుంది. అది ఆమె తప్పు కాదు. కానీ ఆసుపత్రి బిల్లు కట్టిన ఆ అప్పు కూడా ప్రభుత్వ నివేదికలో 'చిన్న వ్యాపారం' కిందే ఉంటుంది.

ఇది కొత్త కథ కాదు

మనకి ఇది 1982లో డ్వాక్రాతో మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దుకాణాలు మూయించిన ఆ చేతులకే పొదుపు పుస్తకాలు ఇచ్చారు. రోజుకో రూపాయి దాచుకోమన్నారు. పొదుపు మంచిదే. కానీ ప్రభుత్వాన్ని నిలదీసిన సమూహాలు క్రమంగా కిస్తీ వసూలు చేసే సమూహాలుగా మారడం మన కళ్ల ముందే జరిగింది. 2000లో ప్రపంచబ్యాంకు సొమ్ముతో వెలుగు వచ్చింది, 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది.

ఆ వెనకే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు వాటి శాఖలు మూయించాల్సి వచ్చింది. 2010 అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల మధ్య, రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అది పాత కథ అనుకోవద్దు. 2022లో రిజర్వు బ్యాంకు ఆ కంపెనీల వడ్డీ మీద పరిమితి ఎత్తేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద నమోదైన కంపెనీలకి మన రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ముద్ర కింద అప్పులిచ్చే సంస్థల జాబితాలో మైక్రోఫైనాన్స్ కంపెనీలకీ చోటుంది.

పార్టీల సంగతి చెప్పనక్కర్లేదు. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణమాఫీ అన్నారు. ఆ మాట నమ్మి కట్టడం ఆపినవాళ్లకి వడ్డీ పేరుకుంది. చివరికి ఆంధ్రప్రదేశ్‌లో మాఫీ బదులు మనిషికి 10 వేలు విడతలుగా వచ్చాయి. 2019 ఎన్నికల ముందు మరో 10 వేలు. దాని పేరు 'పసుపు కుంకుమ'. వ్యాపారం చేసే మనిషికి పెట్టుబడి ఇస్తున్నామన్న గౌరవం ఆ పేరులో ఉందా? ఆడపడుచుకి పుట్టింటివాళ్లు సారె పెట్టినట్టుంది. మొగుడు చనిపోయిన స్త్రీ కూడా ఆ పేరుతోనే చెయ్యి చాచాలి. 2020 నుంచి 2024 వరకు ఆసరా పేరుతో పాత బాకీలు నాలుగు విడతల్లో చెల్లించారు. ఉపశమనం కలిగిందా అంటే కలిగింది. పుట్టుకొచ్చిన వ్యాపారాలెన్ని, జీతమిచ్చే పనులెన్ని అని అడిగితే ఏ పార్టీ దగ్గరా జవాబు లేదు.

"అదైనా లేకపోతే?"

"ఈ అప్పులైనా లేకపోతే మళ్లీ నూటికి మూడు, ఐదు వడ్డీకి షావుకారు దగ్గరికే పోరా?" అని తోటి కార్యకర్తలు నన్ను అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సంఘం అప్పు వచ్చాక ఎంతోమంది ఆ ఉచ్చులోంచి బయటపడ్డారు. బ్యాంకు గడప తొక్కారు, సంతకం నేర్చుకున్నారు. అది చిన్న విజయం కాదు. అయితే దాన్ని ఆ పేరుతోనే పిలుద్దాం. వడ్డీ పీడన నుంచి విడుదల వేరు, ఉపాధి కల్పన వేరు. మొదటిది చేసి రెండోది చేశామని చెప్పుకుంటే ఎందుకు ఊరుకోవాలి?

"ఆడవాళ్లు పెద్ద అప్పు అడగరు కదా" అన్నది ఇంకో మాట. అడిగినప్పుడు ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. విస్తరాకుల మిషన్లు రెండు పెట్టుకుని, నలుగురికి పని ఇస్తున్న ఒకామె ఐదు లక్షల కోసం బ్యాంకుకి వెళ్లింది. మేనేజరు ఆమె ఖాతా పుస్తకం తెరవలేదు, ఆర్డర్లెన్ని ఉన్నాయని అడగలేదు. "మీ ఆయన ఏం చేస్తాడమ్మా? భూమి పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది? ఆయన్ని తీసుకురా, మాట్లాడదాం" అన్నాడు. చిన్న పరిశ్రమలకి 10 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. ఆ ఆదేశం ఆ బల్ల దాకా రాలేదు.

2016లో వచ్చిన స్టాండప్ ఇండియా మాటేమిటంటారా? ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి, కనీసం ఒక స్త్రీకి 10 లక్షల నుంచి కోటి వరకు ఇవ్వాలన్నారు. కానీ 2025 మార్చితో గడువు ముగిసిన ఆ పథకం మొదటిసారి వ్యాపారం పెట్టేవాళ్లకే ఉండేది. పదేళ్లుగా పచ్చళ్లు పట్టి అమ్ముతున్న మనిషి దానికి పనికిరాలేదు. కింద 50 వేల మెట్టు, పైన కోటి మేడ. మధ్య మెట్లు కాగితం మీద ఉన్నాయి. ఎక్కబోతే మొగుడి సంతకం అడ్డం. 2013 ఆర్థిక గణన ప్రకారం దేశంలోని వ్యాపార సంస్థల్లో స్త్రీల చేతిలో ఉన్నవి 14 శాతం లోపే. వాటిలోనూ దాదాపు 83 శాతం కూలికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోలేనివి.

అప్పుకి ముందు ఆర్డరు

పని పుట్టించేది అప్పు ఒక్కటే కాదు. కొనేవాడుండాలి. తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకి ఇచ్చారు. జతకి కుట్టుకూలి 50 నుంచి 75 రూపాయలకి పెంచుతున్నామని 2024లో ప్రకటించారు. చేతిలో ఆర్డరుంటే చిన్న అప్పయినా తీరుతుంది. ఆర్డరు లేకపోతే పెద్ద అప్పు కూడా ముంచుతుంది. అయితే ఇక్కడా కళ్లు తెరుచుకునే ఉండాలి. మిషను ఆమెది, దారం ఆమెది, కరెంటు బిల్లు ఆమెది. ఆ 75లో ఇవన్నీ పోగా రోజుకి కనీస వేతనం గిడుతుందా? బిల్లు ఎన్ని నెలలకి వస్తుంది? ప్రభుత్వమే యజమాని అయినప్పుడు 'మీరే పారిశ్రామికవేత్తలు' అని తప్పించుకోనివ్వకూడదు.

కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్న నియమం ఉంది. అందులో స్త్రీల సంస్థలకని 2018లో కేటాయించింది 3 శాతం! అప్పుల్లో 68, కొనుగోళ్లలో 3. ఈ రెండంకెలూ ఒక గోడ మీద పక్కపక్కన రాయండి. ఇంక ఉపన్యాసం అక్కర్లేదు.

మనం అడగాల్సినవి

ప్రతి బ్యాంకు శాఖా తాను ఇచ్చిన రుణాల్లో స్త్రీల సంఖ్యతోపాటు స్త్రీలకి చేరిన సొమ్మును, ఏ మెట్టులో ఎంతో విడదీసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. కూలి లేని కుటుంబ శ్రమని కొత్త ఉపాధిగా లెక్కపెట్టడం మానాలి. పది లక్షల వరకు తాకట్టు లేదన్న నియమం తెలుగులో రాసి గోడకి అంటించాలి. భర్త సంతకం అడగకూడదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడుసార్లు అప్పు తీర్చిన స్త్రీని పై మెట్టుకి తీసుకెళ్లడం బ్యాంకు బాధ్యత కావాలి. హాస్టళ్లు, అంగన్‌వాడీలు, ఆసుపత్రులు కొనే సరుకులో స్త్రీల సంస్థలకి న్యాయమైన వాటా, కనీస వేతనం గిట్టే ధర, గడువులోగా బిల్లు దక్కాలి.

మనం మార్చుకోవాల్సిందీ ఒకటుంది. సంఘం సమావేశంలో "ఈసారి ఎంత లోను వచ్చింది?" అన్నదే మన మొదటి ప్రశ్న అవుతోంది. దాని బదులు మూడు ప్రశ్నలు వేద్దాం. కిస్తీ కట్టాక ఎంత మిగిలింది? నీ వ్యాపారంలో ఎంతమందికి కూలి ముట్టింది, అందులో నీకు ముట్టిందా? గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది? ఈ మూడింటికి జవాబులు రాసుకుని, మండలం మండలానా కూడేసి, వచ్చే సమీక్షలో అధికారుల ముందు మన లెక్క మనం చదువుదాం. అప్పు మోస్తున్నది మనం. ఆ లెక్క చెప్పే హక్కు కూడా మనదే.